పేరు చెప్పను గానీ

ఫిబ్రవరి 10, సోమవారం

ఈ రోజు పొద్దున ఎలా గడిచిందో రాసి పెట్టుకోవాలనిపించింది. మామూలు పొద్దునే.

చీకటితోనే లేచి ప్రార్థన చేసుకున్నాను. నల్లా వచ్చే రోజు. ముందు డ్రమ్ము, తర్వాత బిందెలు, చివరికి పైవాళ్ల బకెట్లు నింపాను. పక్కింటి మోటారు ఎప్పటిలాగే మన నీళ్లు కూడా గుంజుకుంటోంది. గేటుకు కట్టిన సంచిలోంచి పాల ప్యాకెట్ తీసి టీ పెట్టాను. వాకిట్లో ఊడుస్తుంటే మెట్ల మీద తమ్ముడు సైదులు చెప్పుల చప్పుడు వినిపించింది. పెళ్లిళ్ల కాలంలో వాడు అంత పొద్దున లేవడు. ఫంక్షన్ హాల్లో లైట్లన్నీ ఆర్పి, జనరేటర్ బంద్ చేసి వచ్చేసరికి అర్ధరాత్రి దాటుతుంది.

ఆఖరి మెట్టు మీద కూర్చున్నాడు. టీ గ్లాసు ఇస్తే తాగకుండా చేతిలో తిప్పుతున్నాడు.

"అక్కా, రాత్రి పడ్డ" అన్నాడు.

నేను వాడి మోకాళ్ల వైపు చూశాను. బండి మీద నుంచా, దెబ్బ తగిలిందా అని అడిగాను.

"బండి మీదికెళ్లి కాదు."

అప్పుడు అర్థమైంది. తాగుడు మానేసి మూడేళ్లు. నిన్న బరాత్ ముందు జనరేటర్ బండి దగ్గర నిలబడి ఉంటే పెళ్లివాళ్లలో ఎవరో చేతిలో గ్లాసు పెట్టారట. మొదటిది మొహమాటానికి తాగాడట. రెండోది తనే అడిగాడట.

"యాదికి చెప్పిన. నీకు చెప్తున్న. ఇంకెవలికి చెప్పకు. పాస్టరయ్యగారికి నేనే చెప్త, జర టైమియ్యి. నువ్వు ప్రార్థన చెయ్యి అక్కా."

యాది అంటే యాదలక్ష్మి, వాడి భార్య. నేను తల ఊపాను. వాడు టీ తాగి, గ్లాసు తనే కడిగి బోర్లించి పైకి వెళ్లాడు. మా ఆయన పోయాక నన్ను ఈ కింది గదిలో పెట్టుకున్నది వాడే. వాడు ఏడిస్తే ఎలా ఉంటుందో చిన్నప్పుడు చూశాను. ఈ పొద్దున ఏడవలేదు. ఏడిస్తే బాగుండేది.

తర్వాత దిల్‌సుఖ్‌నగర్ బస్సు ఎక్కి, నేను పనిచేసే మ్యాచింగ్ సెంటర్‌కు వెళ్లాను. ఒక పెళ్లికూతురి తల్లి ఉల్లిపొర రంగు చీర తెచ్చింది. ట్యూబులైటు కింద ప్రతి జాకెట్ ముక్కా కలిసినట్టే కనిపిస్తుంది. బయట ఎండలోకి తీసుకెళ్లి చూపిస్తే ఒక్కటీ కలవలేదు.


ఫిబ్రవరి 11, మంగళవారం

మా సంఘం స్త్రీల కూడిక పూలమ్మ ఇంట్లో బాగా జరిగింది. ప్రార్థన అంశాలు చెప్పే దగ్గర నా వంతు వచ్చింది. పేరు చెప్పను గానీ ఒక సహోదరుడు, దేవుడు తాగుడు నుంచి విడిపించినవాడు, మళ్లీ శోధనలో పడిపోయాడు, భారంతో ప్రార్థించండి అన్నాను. అందరూ కన్నీళ్లతో ప్రార్థించారు.

పేరు చెప్పలేదు. ప్రార్థన చెయ్యమని అడిగింది కూడా వాడే.

చెప్పులేసుకుంటుంటే పూలమ్మ నా చెయ్యి పట్టుకుని, ధైర్యంగా ఉండు అక్కా అంది. ఉంటాను అన్నాను.

నిన్న పొద్దుటి నుంచి ఛాతీ మీద ఉన్న బరువు దిగిపోయింది. ఆకలి వేసింది. ఇద్దరు చేసే ప్రార్థన కంటే పదిమంది చేసే ప్రార్థన మేలు.


ఫిబ్రవరి 13, గురువారం

పూలమ్మ ఫోన్ చేసింది. ఆ అంశం ఎత్తలేదు. తమ్ముడు బాగున్నాడా అని మాత్రం అడిగింది. బాగున్నాడన్నాను. ఆదివారం డోలక్ వాయిస్తాడా అంది. ఎందుకు వాయించడు అన్నాను.


ఫిబ్రవరి 14

నేను పేరు చెప్పలేదు.


ఫిబ్రవరి 16, ఆదివారం

చేతులు ఊరుకోవడం లేదు. ఏరిన కందిపప్పే మళ్లీ ఏరాను.

ఆరాధన మొదలుకాక ముందే పాస్టరయ్యగారు సైదులును పక్క గదిలోకి పిలిచారు. వాడు బయటికి వచ్చి డోలక్ దగ్గరికి వెళ్లకుండా వెనక వరసలో, చెప్పుల స్టాండు పక్కన కూర్చున్నాడు. పాటలు డోలక్ లేకుండానే జరిగాయి. చప్పట్లు ఒక్కో చోట ఒక్కో రకంగా పడ్డాయి. నేను వెనక్కి తిరిగి చూడలేదు.

ఇంటికి వచ్చాక చెప్పాడు. అయ్యగారు గుంటూరు వైపు మనిషి, మెత్తగానే మాట్లాడతారు. "మీ మీద కోపం కాదండీ సైదులుగారూ. సంఘంలో మాట వచ్చాక నేను చూసీ చూడనట్టు ఉండలేనుగా. కొన్నాళ్లు వెనక కూర్చోండి" అన్నారట. వచ్చే నెల ప్రభువు బల్లలో రొట్టె, ద్రాక్షరసం కూడా తీసుకోవద్దన్నారట.

అన్నం ముందు పెట్టుకుని సైదులు కలపలేదు. వాడన్న మాట రాసుకోక తప్పదు.

"ఇయ్యాల్నే చెప్దామని పోయిన అక్కా. వారమంత మాటలు పేర్చుకున్న. నేను నోరు తెరవకముందే ఆయన తెరిచిండు. ఇగ నేను చెప్పుడు ఏముంది? చెప్పినోన్ని కాదు, దొరికినోన్ని."

తర్వాత యాదలక్ష్మి వైపు తిరిగాడు. ఇంట్లో ఇద్దరికే తెలుసు, మాట బయటికి ఎట్లా పోయింది అని అడిగాడు. ఆమె దేవుడి తోడు నేను చెప్పలేదంది. పాత రోజుల్లో వాడి తాగుడు పడలేక ఒకసారి పాస్టరమ్మగారి దగ్గర ఏడ్చింది కదా, ఆ సంగతి తీశాడు. నీ నోరు అప్పుడూ ఆగలేదు, ఇప్పుడూ ఆగలేదన్నాడు. మరి వదినె సంగతి అని ఆమె అడిగింది. అంతే అడిగింది.

సైదులు నవ్వాడు. "అక్క నోట్లెకెళ్లి మాట గుంజాల్నంటే క్రేన్ తేవాలె."

యాదలక్ష్మి నన్ను చూసింది. నేను పప్పు ఏరుతున్నాను.

సాయంత్రం సంచి సర్దుకుని రింగ్ రోడ్డు దగ్గర అబ్దుల్లాపూర్‌మెట్ బస్సెక్కి తల్లిగారింటికి వెళ్లిపోయింది. మెట్లు దిగుతూ నా గుమ్మం ముందు కాసేపు నిలబడింది. నేను లోపల మోకాళ్ల మీద ఉన్నాను. ప్రార్థన మధ్యలో లేవకూడదు కదా అనుకున్నాను.


ఫిబ్రవరి 17, సోమవారం

సైదులుకు చెప్పాలి. కానీ వాడు కోపంలో ఉన్నాడు. కోపంలో ఉన్న మనిషికి చెబితే మేలు కన్నా కీడే ఎక్కువ. దేవుని సమయం కోసం కనిపెట్టుకుని ఉన్నాను. మనసు నెమ్మదిగానే ఉంది.

పొయ్యి మీద పాలు రెండుసార్లు పొంగిపోయాయి.


ఫిబ్రవరి 18, మంగళవారం

కూడికకు వెళ్లలేదు. జ్వరం అని చెప్పాను.

జ్వరం లేదు.


ఫిబ్రవరి 19, బుధవారం

షాపులో లైనింగ్ తప్పు కోశాను. ఒకరి కొలత ఇంకొకరి బట్టకు. మా షాపు అండాలమ్మ గల్లాపెట్టె దగ్గరి నుంచే చూసింది. మధ్యాహ్నం టిఫిన్ విప్పుకున్నాక, ఏందమ్మా పరేషాన్‌గ ఉన్నవు అని అడిగింది.

చెప్పకూడదనే అనుకున్నాను. పేరు చెప్పను గానీ మా కూడికలో ఒకామె అని మొదలుపెట్టాను. ఆమె తన ఇంటి మనిషి తప్పును ప్రార్థన కోసమని నలుగురిలో పెట్టింది. మంచి మనసుతోనే పెట్టింది. అది కాస్తా ఊరంతా తిరిగింది. ఇప్పుడు ఆ ఇంట్లో తప్పు చేయని ఇంకొకామె మీద నింద పడింది. మొదటామె చేసింది పాపమంటావా అని అడిగాను.

అండాలమ్మ యాదగిరి నరసింహస్వామి భక్తురాలు. మా సంగతులు ఆమెకు వింతగా ఉంటాయి. పచ్చడి నంజుకుంటూ తాపీగా చెప్పింది.

"బోరింగు కాడ మేం గదే చేస్తం. మేం దాన్ని ముచ్చట అంటం, మీరు ప్రార్థన అంటరు. గంతే ఫరక్."

నాకు కోపం వచ్చింది. ప్రార్థనకూ ముచ్చటకూ పోలికేమిటి అన్నాను. అంతగా అరవకు, ఏదో అడిగినవని చెప్పిన అంది. డబ్బా మూత పెట్టి లేస్తూ మళ్లీ ఒక మాట అంది.

"మీ కూడికలామెకు చెప్పు. లైనింగు తప్పు కోసింది, మళ్ల కొయ్యమను."


ఫిబ్రవరి 20, గురువారం

పొద్దున సైదులుకు ఉప్మా పట్టుకుని పైకి వెళ్లాను. నిన్నటి అన్నం గిన్నె అలాగే ఉంది. ఇంటి నిండా విప్పిన బట్టలు. హాలుకు వెళ్లాల్సిన వాడు మంచం మీద కూర్చుని ఫోన్ కవరు తీస్తున్నాడు, పెడుతున్నాడు.

తాగావా అని అడగలేదు. వాడే చెప్పాడు. తాగలేదట. నిన్న వైన్స్ ముందర నుంచి పోయి, యూ టర్న్ తీసుకుని మళ్లీ వచ్చాడట. ఆగలేదట, కానీ బండి నెమ్మది చేశాడట.

"నీకెట్ల తెలుస్తది అక్కా. నోట్లె నీళ్లూరుతయి. గీ ఒక్కపారి, గింతే, ఎవలికీ నష్టం లేదని మనసే చెప్తది. మనసు మస్తు మంచిగ మాట్లాడ్తది. తాగినంక ఒక్క గంట హాయి. గా గంట కోసమే అంత."

ఉప్మా గిన్నె వాడి ముందు పెట్టి వచ్చేశాను.

మెట్లు దిగాక రాస్తున్నాను. వాడు చెప్పిన ఆ నీళ్లూరడం నాకు తెలుసు. వంతు నా దాకా వస్తున్నప్పుడు పక్కామె అంశం నాకు సరిగ్గా వినిపించదు. నాది నాలుక చివర సిద్ధంగా ఉంటుంది. అది చెప్పగానే అందరి ముఖాలూ నా వైపు తిరుగుతాయి. మిగతా రోజుల్లో ఎవరూ తిరగరు. లలితక్క మాట్లాడిందంటే పెద్ద విషయమే అనుకుంటారు. మితంగా మాట్లాడుతుందని నాకు సంఘంలో పేరు.

ఆ మంగళవారం నాకు ఆకలి వేసింది. హాయిగా తిన్నాను. ఆ హాయి ప్రార్థన వల్ల వచ్చిందనుకున్నాను.

వాడి కోసం ఇంట్లో ఒంటరిగా ఎన్నిసార్లు మోకరించానని లెక్క చూసుకుంటే, సోమవారం ఒక్కసారి.


ఫిబ్రవరి 22, శనివారం

అబ్దుల్లాపూర్‌మెట్ వెళ్లాను. యాదలక్ష్మిని ఒప్పించి తీసుకొస్తే, వాళ్లిద్దరూ కలిసిపోతే, ఇక చెప్పే అవసరమే ఉండదు అనుకున్నాను. బస్సులో అదే ప్రార్థించాను. అలాంటి ప్రార్థన ఎవరు వింటారు?

హైవే దిగి లోపలికి నడిస్తే వాళ్ల ఇల్లు. యాదలక్ష్మి అరుగు మీద అనపకాయలు ఒలుస్తోంది. వాళ్లమ్మ మంచినీళ్లిచ్చి, మా పిల్ల అబద్ధమాడదమ్మా అని నా ముఖం చూడకుండా లోపలికి పోయింది. నేను కూడా ఒలవడానికి కూర్చున్నాను. ఇంటికి రావమ్మా, వాడు తిండి తినడం లేదు, మొగవాళ్ల కోపం ఎంతసేపు అన్నాను. ఆమె పొట్టు పక్కకు తోసింది.

"వదినె, నువ్వే చెప్పినవని నాకు ఎరికె."

ఎప్పుడు తెలిసిందమ్మా అని అడిగాను.

ఆ ఆదివారానికి ముందు గురువారమే తెలిసిందట. కూరగాయల బండి దగ్గర పూలమ్మ కనిపించి, మీ వదినె ఎంత భారంతో అడిగిందో అని మెచ్చుకుందట. మరి ఆదివారం ఆయన అంతలా అంటుంటే ఎందుకు చెప్పలేదమ్మా అని అడిగాను. మరి వదినె సంగతి అని అడిగిన గదా, అదే నేను చెప్పుడు అంది. ఆమె గొంతు పెంచలేదు. పెంచితే నాకు సులువయ్యేది.

"నేను చెప్తే నమ్మడు. అమ్మ పోయినంక నిన్నే అమ్మ అనుకుంటడు. నా మాట మీద నీ పేరు పోగొట్టుడు నాకు ఇష్టం లేదు. నీ నోటితోటి నువ్వు చెప్పు, నేను గా రోజే ఒస్త. చెప్పకుంటె కూడ ఎవలికీ చెప్ప. కానీ రాను."

ఒలిచిన గింజలు కవర్లో పోసి నా సంచిలో పెట్టింది, ఆయనకు ఇష్టం అని.

తిరుగు బస్సు మా స్టాపు ఎల్‌బీ నగర్‌లో ఆగింది. నేను దిగలేదు. దిల్‌సుఖ్‌నగర్ దాకా వెళ్లి, షాపు మూసి ఉంటే చూసి, మళ్లీ వెనక్కి వచ్చాను. ఎందుకు వెళ్లానో తెలియదు.

గింజలు కూర చేసి పైకి పట్టుకెళ్లాను. ఎక్కడివి అని వాడు అడిగాడు. బజార్లో కొన్నానన్నాను. జ్వరం తర్వాత ఇది రెండో అబద్ధం.


ఫిబ్రవరి 23, ఆదివారం

సైదులు చర్చికి రాలేదు. నేను వెళ్లాను. డోలక్ మీద గుడ్డ కప్పి ఉంది.

అయ్యగారు వాక్యం దేని మీద చెప్పారో గుర్తు లేదు. ఆ గుడ్డ నా పాత చీర. నేనే కుట్టి ఇచ్చాను.


ఫిబ్రవరి 24

ప్రభువా, వాడిని నిలబెట్టు అని ఇన్నాళ్లూ అడిగాను. నన్ను అని అడగలేదు.


ఫిబ్రవరి 25, మంగళవారం

కూడికకు వెళ్లాను. పాటలయ్యాయి. అంశాల దగ్గర పూలమ్మ నా వంతు రాకముందే అడిగింది.

"అక్కా, ఆ సహోదరుని విషయం ఎట్లున్నది? భార్య కూడ లేదంటున్నరు?"

అందరి ముఖాలూ నా వైపు తిరిగాయి. సైదులు చెప్పినట్టే, నిజంగానే నోట్లో నీళ్లూరాయి. వాడు వైన్స్ ముందు యూ టర్న్ తీసుకున్న సంగతి, యాదలక్ష్మి అరుగు మీద అన్న మాటలు, అన్నీ వరసగా నిలబడ్డాయి. చెబితే ఎంత ఏడుస్తారో, ఎంత భారంగా ప్రార్థిస్తారో తెలుసు. పేరు చెప్పను గానీ అని పెదవుల దాకా వచ్చింది. అన్నాను కూడా. పేరు, అని అన్నాను.

అక్కడ ఆపాను.

మళ్లీ మొదలుపెట్టాను. ఆ అంశం నాది కాదు, నేను చెప్పి ఉండాల్సింది కాదు, ఎవరిదో వాళ్లే చెప్పుకోవాలి అన్నాను. నాది ఒకటి ఉంది, పేరు లలితకుమారి, నోటి విషయంలో పడిపోయింది అన్నాను.

ఎవరికీ ఎలా ప్రార్థించాలో తెలియలేదు. పూలమ్మ ఇంటర్ పరీక్షల పిల్లల కోసం ప్రార్థన ఎత్తుకుంది.

బస్సులో కూర్చున్నాక తట్టింది. మళ్లీ అదే చేశాను. సైదులుకు చెప్పకముందు పదిమందికి చెప్పాను. నేను ఇల్లు చేరేలోపే ఎవరో ఒకరు వాడికి ఫోన్ చేస్తారు. సరూర్‌నగర్ దగ్గర ట్రాఫిక్ కదలడం లేదు. దిగి ఆటో ఎక్కాను.

ఫోన్ ఇంకా రాలేదు. వాడు డాబా మీద మిక్సీ విప్పుకుని కూర్చున్నాడు. చెప్పులు విడవకుండానే చెప్పాను. నేనే అన్నాను. యాది కాదు, నేను, పూలమ్మ ఇంట్లో, నువ్వు చెప్పిన మర్నాడే. పేరు చెప్పలేదు అని నోటి చివరి దాకా వచ్చింది. మింగాను. ఇందాక కూడికలో ఏమన్నానో కూడా చెప్పాను.

వాడు స్క్రూ బిగించడం ఆపలేదు. బిగుసుకున్న తర్వాత కూడా తిప్పుతూనే ఉన్నాడు.

"ఇయ్యాల క్రేన్ ఎవలు తెచ్చిండ్రు?" అన్నాడు.

నేను అప్పుడు చెప్పులు విడిచాను.

"ప్రార్థన చెయ్యమన్న. మైకు పట్టుమన్ననా?"

లేదన్నాను.

"యాదిని ఎన్ని మాటలన్న. నువ్వు పప్పు ఏరుకుంట కూసున్నవు."

అవునన్నాను.

వాడు లేచి బండి తాళాలు తీసుకున్నాడు. ఎటు వెళ్తున్నావని అడిగే హక్కు ఉందో లేదో తెలియలేదు. గేటు దాటుతుంటే పిట్టగోడ మీద నుంచి చూశాను. వైన్స్ ఎడమ వైపు. వాడు కుడి వైపు, అబ్దుల్లాపూర్‌మెట్ వైపు తిరిగాడు.

చెల్లె సుజనకు ఫోన్ చేసి, రమ్మని మాత్రం అన్నాను. వనస్థలిపురం నుంచి వచ్చింది. పొద్దు కుంకేసరికి సైదులు, యాదలక్ష్మి వచ్చారు. ఆమె సంచి వాడి భుజాన ఉంది. ఇద్దరూ మాట్లాడుకుంటూ రాలేదు. ఆమె కళ్లు మాత్రం ఉబ్బి లేవు. సుజన టీ పెట్టింది. పై ఇంట్లో చాప మీద నలుగురం కూర్చున్నాం. చెప్పాల్సినదంతా నేనే మళ్లీ మొదటి నుంచి చెప్పాను. క్షమించమని యాదలక్ష్మిని అడిగాను. చూస్తా వదినె అంది. సైదులును అడిగితే, ఇయ్యాల కాదు అన్నాడు.

కొన్నాళ్లు పెద్దక్కను మా ఇంటికి తీసుకుపోతా, మీ ఇద్దరికీ జర ఎడం ఉంటది అని సుజన అంది. నేను సిద్ధంగానే ఉన్నాను. మనసులో బట్టలు కూడా సర్దుకున్నాను. సైదులు వద్దన్నాడు.

"యాడికి పోదు. కిందనే ఉంటది. నా కండ్ల ముంగట ఉంటది."

ఇవాళ అనుకున్నది ఇది. రేపు పొద్దున సైదులు అయ్యగారి దగ్గరికి వెళ్లి, తన సంగతి మొదటి నుంచి తన మాటల్లో చెప్పుకుంటాడు. వాడు బయటికి వచ్చాక నేను లోపలికి వెళ్లి నాది చెప్పాలి. వాడి గురించి ఒక్క ముక్క రాకూడదు. యాదలక్ష్మి ఇక్కడే ఉంటుంది. రాత్రి అన్నానికి నేను ఎప్పటిలాగే పైకి రావాలి, రాకపోతే ఆమె వచ్చి పిలవదు. దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక స్కూలు గదిలో, తాగుడు మానినవాళ్లు గురువారం సాయంత్రాలు కూడే మీటింగు ఉందట. హాల్లో వంట మనిషి మట్టయ్య పోతున్నాడట. సైదులు కూడా పోతానన్నాడు. ఒక్కడినే పోతే దారిలో బండి నెమ్మదవుతుందని భయమట. నా షాపు అక్కడే కాబట్టి నేను తోడు వెళ్లాలి. గేటు దాకా. లోపలికి రాకూడదు. బయట బెంచీ మీద కూర్చోవాలి. ఇంటికి వచ్చేటప్పుడు దారిలో గానీ, వచ్చాక గానీ, లోపల ఏం మాట్లాడుకున్నారని అడగకూడదు. ముఖం చూసి కనుక్కోవడానికి కూడా ప్రయత్నించకూడదని యాదలక్ష్మి చేర్చింది.

సరేనా అక్కా అని సైదులు అడిగాడు.

ఈసారి తల ఊపలేదు. నోటితో సరే అన్నాను.